నాలుగు తులాలకు తక్కువ

తుఫాను తీరం దాటిన తెల్లారి
డిండి ప్రాజెక్టు తూము కాడ దొరికిందని
జానయ్య టిపిను గిన్నెల పెట్టుకొచ్చిండు.
మూత తీస్తే ముందుగాల వాసన:
కుట్టుమిషను నూనె, తడిసిన గొంగడి, చేపల గంప
మూడూ ఒక్కటైనట్టు.
ఆ తర్వాత పిట్ట.

"వానకోయిల" అన్నడు వాచ్‌మన్.
"గబ్బిలం పిల్ల" అన్నది ఊడ్చే బాలకిష్టమ్మ.
జానయ్య ఏమీ అనలే.
నలభై ఏండ్ల సంది నీళ్ళ మీద బతికినోడు,
తెల్వదని ఒప్పుకోనీకి ఆయనకు సిగ్గు లేదు.

రఫియా మేడం పుస్తకం తెరిచింది.
నేను ల్యాబు అటెండర్ని, కొలిచేటి పని నాది.
ఫిజిక్సు పురుషోత్తం సారు కాళ్ళావేళ్ళా పడి
వెర్నియర్ అడుక్కొచ్చిన.
రెక్క పదిహేనున్నర సెంటీమీటర్లు.
తోక చీలింది, మరీ లోతుగ కాదు.
ముక్కు పద్నాలుగు మిల్లీమీటర్లు,
ముక్కు మీద ఇంకో ముక్కు,
ఇంకుపెన్ను పాళీకి చిన్న గొట్టం అతికినట్టు.
"ఇదే గుర్తు" అన్నది మేడం, గొంతు వణికింది.
"గుడ్డు పెట్టనీకి తప్ప
ఈ జాతి నేల మీద కాలు పెట్టదు."
దేవరకొండ డిగ్రీ కాలేజీల
చిల్లుపడ్డ రెగ్జిన్ టేబుల్ మీద
అది కాలు మడిచి కూసున్నది.

బరువుకు మా త్రాసు పనికిరాలే.
నేనావత్ మోతి, సెకండియర్ పిల్ల,
చున్నీల చుట్టుకొని బజారుకు ఉరికింది.
పుస్తెలు తూచే పళ్ళెంల సముద్రం పిట్ట.
ముప్పై ఏడు గ్రాములు.
"నాలుగు తులాలకు మూడు తక్కువ" అన్నడు భవర్‌లాల్ సేటు,
"తరుగు తీస్తే ఇంకా తగ్గుతది."

ఇగ మిగిలింది రెండు పేర్లు.
నడుం మీద తెల్లపట్టీ ఉంటే ఒకటి,
లేకుంటే ఇంకొకటి.
ట్యూబులైటు కింద ఉన్నట్టే ఉన్నది.
కిటికీ కాడికి తీస్కపోతే లేదు.
కాలివేళ్ళ నడిమి పొర పసుపైతే ఒకటి,
నలుపైతే ఇంకొకటి.
డిండి ఒండ్రు అంటి మట్టిరంగున్నది.
కడుగుదామంటే మేడం వద్దన్నది,
అసలే వణుకుతున్నదని.

అట్లనే చూస్తుంటే గొట్టం చివర
ఒక చుక్క ఊరింది.
"సముద్రం నీళ్ళే తాగుతది" మేడం చెప్తున్నది,
"నెత్తుట్ల చేరిన ఉప్పంతా
ముక్కుల నుంచి బయటికి తోస్తది."

నేను నోరు మూసుకున్న.
మాది మర్రిగూడ దిక్కు.
నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు గీతలు,
ఏ ఊరి బోరు నీళ్ళో చెప్పొచ్చు, పుస్తకం అక్కర లేకుంట.
అమ్మ తాగిన నీళ్ళు అమ్మ వెన్నుల్నే ఆగినయి.
ఆఖరికి ఆమె ఆకాశం చూడాలంటే
మంచం మీద పండుకోవాలె.
చుక్కను చిటికెన వేలితో తీసి
నాలిక మీద పెట్టుకున్న.
మేడం పేజీ తిప్పుతున్నది, చూడలే.
ఉప్పే.

పొద్దు గూకింది. చేప ముక్క పెడితే ముట్టలే.
హైదరాబాద్ సారుకు ఫోటోలు పోయినయి.
రెక్క విప్పి, ఈకల మొదట్ల
తెల్ల ఈనెలు ఉన్నయో లేవో చూడమన్నడు ఆయన.
మేడం చెయ్యి చాపింది.
అప్పుడు అన్నడు జానయ్య, పొద్దటి సంది మొదటిసారి:
"పేరు దొరికేదాక ఉంచితే
పిట్ట దక్కది మేడం."

చాపిన చెయ్యి అట్లనే కొద్దిసేపు ఆగింది.

రాత్రి తొమ్మిదికి కట్ట మీదికి పోయినం,
జానయ్య లూనా మీద, మేము ఆటోల.
దీపాలు ఆర్పమన్నడు.
అరచేయి విప్పిండు.
ఎగిరిందని చెప్పలేను, బరువు తగ్గింది అంతే,
చీకట్ల చీకటి ముక్క ఒకటి కదిలింది.
మోతి ఫోను వెలిగించింది అప్పుడే.
తెల్ల ఈనెలు చూసిన అంటది ఇప్పటికీ,
ఆరో ఏడో ఉన్నయంటది.
మేడం చూడలేదంటది.
నేను జానయ్య చెయ్యి దిక్కు చూస్తున్న.

రిజిస్టర్ల జాతి పేరున్న గడిల
పెన్సిలుతో రాసి, తుడిచి, మళ్ళ రాసి తుడిచిన మచ్చ.
వెర్నియర్ రెండు సార్లు స్పిరిటుతో కడిగి ఇచ్చినా
పురుషోత్తం సారు వాసన చూసి మొహం తిప్పిండు.
సాక్ష్యం కింద మేము అతికించింది ఒక్కటే కాగితం,
నగల దుకాణం గులాబి చీటీ.
వస్తువు అన్న కాడ
సేటు వంకర తెలుగుల రాసిండు:
పిట్ట, ఒకటి. కూలి లేదు.